పల్లవి దాటని కేబుల్

ఇంట్లో ప్రశాంతత కావాలా? వెంటనే ఒక ఖరీదైన డిజిటల్ కేబుల్ కొనండి! మిగతా ప్రయత్నాలన్నీ తర్వాత చేసుకోవచ్చు.

నవ్వకండి. నిడదవోలులో ఎరువుల షాపు నడిపే చంద్రరావు గారింట్లో ఇది రుజువైపోయింది. ఆ ఇంట్లో కుక్కరు కూయదు. పాట వినే వేళకి పప్పు ఉడకకూడదు. ఫ్యాను తిరగదు. ఫ్రిజ్ మూలగదు, ఎందుకంటే ఫ్రిజ్ కరెంటుని మురికి చేస్తుందట! పెరుగు పులిస్తే పులిసింది, సౌండు తియ్యగా ఉండాలా వద్దా?

మే నెల మధ్యాహ్నం ఆయన భార్య లోవలక్ష్మి విసనకర్ర అందుకుంటే, చంద్రరావు గారు కళ్ళు తెరవకుండానే అన్నారు.

"కొంచెం మెల్లగా విసురుకో లోవా. నీ గాలి వీణలో కలుస్తోంది."

ఇంత సున్నితమైన భర్త ఎందరికి దొరుకుతాడు చెప్పండి?

ఇంతకీ ఆ యంత్రం ఏమిటంటారా? మీలాంటి, నాలాంటి సామాన్యుల ఇంట్లో సీడీ ప్లేయరు ఒకే పెట్టె. డిస్కుని తిప్పేదీ అదే, పాడించేదీ అదే. ఆడియో తెలిసినవాళ్ళు అలా ఊరుకోరు. తిప్పడానికొక పెట్టె, దాని పేరు ట్రాన్స్‌పోర్ట్. డిస్కులోని అంకెల్ని పాటగా మార్చడానికి ఇంకో పెట్టె, దాని పేరు డాక్. హాయిగా కాపురం చేసుకుంటున్న ఇద్దర్ని విడదీసి, మళ్ళీ కలపడానికి మధ్యలో ఒక తీగ కొనడం! దీన్నే హై ఎండ్ అంటారు.

చంద్రరావు గారు ట్రాన్స్‌పోర్ట్ కొన్నారన్న వార్త బజారుకి చేరగానే ఒక రైస్ మిల్లు ఆసామి పరిగెత్తుకొచ్చాడు.

"పోలవరం దాకా తవుడు లోడుందండి. బండి ఎప్పుడు ఖాళీ?"

"ఇది లారీ కాదండి బాబూ. డిస్కు తిప్పే పెట్టె. బెల్ట్ డ్రైవ్."

"బెల్టయినా పర్లేదండి, బాడుగ చెప్పండి!"

చూశారా? తీగ ఇంటికి రాకముందే పరపతి పెరిగిపోయింది.

ఇక పాట సంగతి. అది ఎప్పుడో రేడియోలో వచ్చిన లలితగీతం. ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. పల్లవిలో పడవ రేవుకి కట్టేసి ఉంటుంది. చరణాల్లో కదులుతుంది. పెళ్ళయిన కొత్తలో లోవలక్ష్మి ఆ పాటని క్యాసెట్లో విని, వంట చేస్తూ పాడుకునేది. అది విని ముచ్చటపడే చంద్రరావు గారు ఎక్కడెక్కడో వాకబు చేసి దాని సీడీ సంపాదించారు. క్యాసెట్లు చెవులకి హానికరమని తెలిశాక ఇంట్లో ఉన్నవన్నీ పాత సామాన్ల బండికి వేసి, ఒక ప్లాస్టిక్ టబ్బు తీసుకున్నారు.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగీతం! పల్లవి ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరి వినపడాలి. చంద్రరావు గారు పల్లవి వింటారు, ఆపుతారు. కోయాక్సియల్ తీగ తీసి ఆప్టికల్ తీగ పెడతారు. మళ్ళీ పల్లవి. ఆపుతారు. డాక్ కింద రబ్బరు ముక్కలు పెడతారు. మళ్ళీ పల్లవి. మూడేళ్ళుగా ఆ పడవ రేవు వదల్లేదు.

విన్నదే విని విని లోవలక్ష్మికి పల్లవి గాయనికంటే బాగా వచ్చేసింది. చరణాలు మాత్రం బుర్రలోంచి కొట్టుకుపోయాయి.

ఆ సంగతి ఆవిడకి సరిగ్గా పాటల పోటీకి ముందు తెలిసింది! ఊళ్ళో మహిళామండలి వాళ్ళ పోటీ. పల్లవి, రెండు చరణాలు, చేతిలో కాగితం ఉండకూడదు. పోయినేడు లోవలక్ష్మి వేరే పాటేదో కాగితం చూసి పాడితే, జడ్జిగా కూర్చున్న ఆశాజ్యోతి టీచరు గారు మైకులోనే అనేశారు, "పాట బాగుందండి. కాగితమే బాగాలేదు." హాలంతా గొల్లుమంది. ఈసారి పరువు నిలబెట్టుకోవాలని లోవలక్ష్మి పెళ్ళయిన కొత్తలోనే వచ్చిన ఈ పాట పేరిచ్చింది. కరపత్రం అచ్చయిపోయింది. వచ్చే ఆదివారమే పోటీ.

"ఏవండీ, ఒక్కసారి పాట చివరిదాకా పెట్టండి."

"ఇప్పుడా? కొత్త తీగ ఇంకా ముగ్గలేదు."

"తీగ ముగ్గడమేంటండీ? మావిడికాయా?"

"అలాంటిదే. పాట దాని గుండా వెళ్ళగా వెళ్ళగా పండుతుంది."

ఆమె గదిలోకి తొంగిచూసింది. రెండు పెట్టెలూ వెలుగుతున్నాయి. డిస్కు తిరుగుతోంది. పల్లవి, చరణాలు, మొత్తం పాట ఆ తీగలోంచి పోతోంది! స్పీకర్లు మాత్రం ఆపేసి ఉన్నాయి.

"స్పీకర్లు పెడితే నేనూ వింటాను కదండీ?"

"పచ్చి తీగ పాట వింటే చెవులు పాడైపోతాయి లోవా. నీ మంచికే."

నాలుగు రోజులపాటు ఆ ఇంట్లో పాట పూర్తిగా మోగింది, ఎవరికీ వినపడకుండా. ఒక పూట ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు లోవలక్ష్మి వంగి తీగకి చెవి ఆనించింది. ఏమీ లేదు. తీగకి సాంబారు వాసన అంటిందని ఆయన గంటసేపు బాధపడ్డారు.

తీగ ముగ్గింది. మర్నాడు చంద్రరావు గారు షాపుకి వెళ్ళగానే లోవలక్ష్మి తలుపు గడియ పెట్టి రంగంలోకి దిగింది. స్విచ్చులన్నీ వేసింది. డిస్కు తిరిగింది. పాట రాలేదు! డాక్ మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. కూడబలుక్కుని చదివింది. నో లాక్.

తాళం వెయ్యలేదనేగా? తాళం వెయ్యకపోతే ఇంకా సుబ్బరంగా పాడాలే! ఏమో, తాళం వేస్తేనే పాడుతుందేమోనని బీరువా తాళాలగుత్తి తెచ్చి పెట్టె చుట్టూ కన్నం కోసం వెతికింది. ముందు లేదు, పక్కన లేదు. వెనక్కి చూస్తే తీగే లేదు! రెండు పెట్టెలకీ సంబంధం తెగిపోతే అలా రాస్తుందట. ఆ తీగ ఎక్కడుందంటారా? ముగ్గిన సరుకుని ఇంట్లో వదిలేసి వెళ్ళడానికి మనసొప్పక చంద్రరావు గారు టిఫిన్ క్యారేజీ సంచీలో పెట్టుకుని షాపుకి పట్టుకుపోయారు!

మిగిలింది ఒక్కటే దారి. యానాంలో ఉంటున్న అన్నయ్య పల్లంరాజుకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నువ్వొచ్చి పాట మొత్తం పెట్టమని అడుగు. నువ్వడిగితే కాదనరు."

మందు సీసాలు చవగ్గా దొరికే యానాం నుంచి బావ వస్తున్నాడంటే ఎవరైనా సంచీ వైపు చూస్తారు. చంద్రరావు గారు చెవుల వైపు చూశారు. శనివారం మధ్యాహ్నం, రొయ్యల వేపుడు, మావిడికాయ పప్పుతో భోజనం అయ్యాక, పల్లంరాజుని గదిలో కూర్చోబెట్టారు. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి పరుపులు కట్టారు.

"కళ్ళు మూసుకో బావా. ఇప్పుడు పల్లవి వెనకాల నిశ్శబ్దం ఎంత నల్లగా ఉంటుందో చూడు."

పల్లవి అయింది.

"నల్లగా ఉందా?"

"కళ్ళు మూసుకున్నాక నల్లగా కాకపోతే ఎర్రగా ఉంటుందా బావా?"

తీగ మారింది. మళ్ళీ పల్లవి. "ఇప్పుడు?"

గుమ్మంలోంచి లోవలక్ష్మి సైగలు చేసింది. అన్నయ్య చూడలేదు. ఆయన గురక మొదలెట్టేశాడు!

"అలాగే ఉంచండి, ఆపకండి!" అని లోవలక్ష్మి అరిచేసింది. చంద్రరావు గారి వేలు రిమోట్ మీద ఒక్క క్షణం ఆగింది. పల్లవి పూర్తయింది. వీణ మలుపు తిరిగింది. చరణం ఎత్తుకోబోతూ గాయని ఊపిరి తీసుకుంది.

కరెంటు పోయింది.

"ఆ ఊపిరి విన్నావా!" అన్నారు చంద్రరావు గారు చీకట్లో, పరవశంగా.

లోవలక్ష్మి ఏడుపు ఆపుకుంటూ వీధి గుమ్మంలోకి వచ్చింది. అప్పుడే కాలవ గట్టు మీద పాత సామాన్ల బండి కదులుతోంది. బ్యాటరీ పెట్టి నడిపే హారన్ మైకు గరగరమంటోంది. ఆ గరగరలో పడవ రేవు వదిలి బయల్దేరింది! అది మొదటి చరణం. అప్పట్లో చంద్రరావు గారు బండి వీరాస్వామికి వేసిన క్యాసెట్టే.

ఆవిడ చెప్పులు లేకుండా పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే వీరాస్వామి పాట ఆపి, "బకెట్లూ, చెంబులూ, పాత ఇనుముకి..." అని అందుకున్నాడు.

"ఆపకండి బాబూ! బకెట్ తీసుకుంటాను, ఇంటికొచ్చి పాత ఇనుం పట్టుకెళ్ళండి!"

పాట సాగింది. రెండో చరణం ముందు మళ్ళీ ఆపాడు.

"చెంబులేమైనా తీసుకుంటారాండి?"

"తీసుకుంటానయ్యా, అన్నీ తీసుకుంటాను, నువ్వు మాట్లాడకు!"

సాయంత్రం దాకా బండి ఆ వీధి దాటలేదు. లోవలక్ష్మికి రెండు చరణాలూ వచ్చేశాయి. ఇంట్లోకి నాలుగు బకెట్లు, రెండు చెంబులూ వచ్చాయి. పాత ఇనుం కింద, చంద్రరావు గారు పారేద్దామనుకుంటూ పారెయ్యలేకపోతున్న పాత స్పీకరు స్టాండ్లు వెళ్ళాయి. పరుపుల గదిలోంచి ఎవరూ బయటికి రాలేదు. కరెంటు కోసం ఎదురుచూస్తూ ఒకరు, నిద్రలో ఒకరు. మంచి గది ఎంత మేలు చేస్తుందో చూడండి!

ఆదివారం కళ్యాణమండపం కిటకిటలాడింది. ముందు వరసలో చంద్రరావు గారు, పక్కన పల్లంరాజు. లోవలక్ష్మి ఖాళీ చేతులతో మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. పల్లవి ఎత్తుకుంది. మూడేళ్ళ సాధన! హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నల్లగానే ఉంది.

పల్లవి అయింది. ఆవిడ ఊపిరి తీసుకుంది.

అంతే, చంద్రరావు గారు లేచి నిలబడి దబదబా చప్పట్లు కొట్టారు. ఆయన లేచేసరికి పాట అయిపోయిందనుకుని హాలంతా చప్పట్లు. ఆశాజ్యోతి టీచరు గారు పెన్ను తీసి మార్కులు వెయ్యబోయారు. లోవలక్ష్మి కళ్ళు తెరిచి చూసింది. ఇక్కడ ఆపేస్తే పోయినేడు కాగితం, ఈ ఏడు మొగుడు!

ఆవిడ ఆపలేదు. చప్పట్ల మీదుగానే చరణం అందుకుంది. ఒక్కొక్కరి చేతులే ఆగిపోయాయి. టీచరు గారు పెన్ను కింద పెట్టారు.

"కూర్చోండి బాబూ, కనపట్లేదు!" వెనక నుంచి ఎవరో అరిచారు.

చంద్రరావు గారికి వినపడలేదు. వేదిక వైపు నోరు తెరుచుకుని చూస్తూ, మెల్లగా వంగి పల్లంరాజు చెవిలో అడిగారు.

"బావా... ఈ పాట ఇంకా ఉందా?"

"ఉందట బావా. కూర్చో."