సున్నపు గీత లోపల

నాకు సైకిలుంది గానీ దారి లేదు. అంగడి రోజు మా బజారంతా పత్తి బండ్లే. హుజూరాబాద్ పోయేవన్నీ మా వాడ మీదుగానే పోవాలి. ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని నిలబడితే, నా సైకిలు బెల్లు ఆ ఎద్దులకు జోలపాట.

నేను ఊరి కమిటీ ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసు మైలు దూరం. అప్పటికే రెండుసార్లు ఆలస్యం. "మూడోసారైతే ఇంటికాడనే ఉండు" అన్నారు చైర్మన్ సుదర్శన్‌రావుగారు.

అందుకని ఒక హుకుం రాశాను. బజారులో ఎడమ పక్క మూడు గజాలు సైకిళ్లకే. హద్దుకు సున్నపు గీత. చైర్మన్‌గారు మురిసిపోయి సంతకం చేశారు.

అన్నం తింటూ దాన్ని నా భార్య అనసూర్యకు చదివి వినిపించాను.

"ఊళ్లె సైకిళ్లెన్ని?" అంది.

"నాలుగు."

"అండ్ల తిరిగేటియి?"

"నాది."

"నీ ఒక్క సైకిలుకు గింత బాటనా! పడుగులు సాచుటానికి జర జాగ ఇప్పియ్యుమని ఏడాది సంది మొత్తుకుంటున్న. ఒక్కనాడన్న ఇన్నవా?"

మాది నేతవాళ్ల వాడ. మగ్గానికెక్కే నిలువు నూలును, అంటే పడుగును, పొద్దున్నే వీధి పొడవునా సాచి గంజి పట్టించాలి. బండ్లు తొక్కి దారాలు తెగుతున్నాయని ఆవిడ గోల.

"జాగ కోసం నువ్విచ్చిన కాయిదం ఆఫీసుల నడుస్తున్నదే!" అన్నాను.

"నడుస్తది, కుంటెద్దు లెక్క. సరే, గీత లోపలికి ఏమేం రావద్దు?"

"బండ్లు, ఎడ్లు, బర్లు, మేకలు."

"సైకిలు గీత దాటితే?"

"జప్తు! నేనే రాసిన."

"ఇంకేం రాయలే?"

"ఇంకేం మిగిలిందే?"

"ఏం లేదు. పప్పేసుకో."

ఆవిడ అంత ప్రేమగా పప్పు వేసుకోమన్నప్పుడే నేను పరేషాన్ కావలసింది.

సోమవారం అంగడి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చూస్తే సైకిలు లేదు. బయటికి ఉరికాను. గీత లోపల, మా గడప నుంచి బజారు మలుపు దాకా పడుగులే పడుగులు! వాడంతా కుంచెలు పట్టుకుని గంజి పూస్తోంది. నా సైకిలు హ్యాండిల్‌కు గంజి బకెట్టు. దాన్ని నడిపించుకుంటూ మా అనసూర్య.

"ఇది సైకిళ్ల బాట!" అని అరిచాను.

"సైకిలున్నది గద! పడుగు రావద్దని నీ కాయిదంల ఉన్నదా?"

పక్కింటి పర్శరాములు తలెత్తాడు. "బావా, జర పక్కకు జరుగు. తడి మీదున్నది."

సైకిలు లాక్కుని బండ్ల వైపు తిప్పబోయాను.

"గీత దాటితే జప్తు!" అంది వాడంతా ఒక్క గొంతుతో.

అనసూర్యే జాలిపడి ఒక బండిని ఆపింది. "రాయమల్లన్నా, మా ఆయనను ఆఫీసుకాడ దించుపో."

పత్తి మూటల మీద కూర్చున్నాను. వింతేమిటంటే, తడి పడుగు తొక్కితే వాడంతా మీద పడుతుందని బండ్లన్నీ ఒకే వరుసలో బుద్ధిగా సాగాయి. మలుపులో చైర్మన్‌గారే నిలబడి హుకుం పనితీరు చూస్తున్నారు. నా తల నిండా పత్తి.

"శబాష్! ఒక్క బండి ఆగుతలేదు. బాటల సైకిలు గూడ నడుస్తున్నది, నిమ్మళంగ. ఇగ గిదే ఖాయం!" అన్నారు.

ఆ రోజు ఆఫీసుకు పావుగంట ముందే చేరాను. ఖాయం చేసిన కాగితాన్ని నా చేతులతోనే గోడకు అతికించాను. అనసూర్య పంపిన గంజితో.

ఇప్పుడు అంగడి రోజుల్లో నాది రాయమల్లు బండి. ఆదివారం మాత్రం సైకిలు నాదే. ఎడమ పక్కనే, గీత దాటకుండా, గంజి ఒలకకుండా నడిపించుకుంటూ పోతాను. వెనక నుంచి కుంచెతో అనసూర్య అంటుంది:

"బెల్లు కొట్టు, బెల్లు కొట్టు! బాట నీదే గదా."