పెన్‌డ్రైవ్‌లో కొత్త కాపురం

ఆ ఆదివారం పొద్దున్న తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగారికి వాళ్ళావిడ అప్పజెప్పిన పని ఒక్కటే. మధ్యాహ్నం మూడింటికి, ఇంట్లో కంప్యూటర్లో ఉన్న స్కూలు టైంటేబుల్ ఫైలుని హెడ్‌మిస్ట్రెస్‌గారికి మెయిల్లో పంపడం. ఆవిడ ఆ స్కూల్లో సోషల్ టీచరు. ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. ఆ హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, సాయంత్రం నాలుగైతే గాని మనుషుల్ని బయటికి వదలరు.

"సాయంత్రమే బోర్డు మీద అంటిస్తారట. రేపట్నుంచి అదే నడుస్తుంది. ఫైలు ఎదురుగానే పెట్టాను. పంపించి కంప్యూటర్ కట్టేయండి. ఇంకేమీ ముట్టుకోకండి" అంది ఆవిడ చెప్పులేసుకుంటూ.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే చెప్పినమాట వింటారండీ" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ టైంటేబుల్ మూడు వారాల కష్టం. పదహారుమంది టీచర్లు, పన్నెండు సెక్షన్లు, రోజుకి ఎనిమిది పీరియడ్లు. పదకొండేళ్ళుగా ఆ పని ఆవిడ నెత్తినే ఉంది. ఎవరికీ అన్యాయం జరగకూడదని, అందరూ వద్దన్న పీరియడ్లన్నీ ఆవిడే తీసుకునేది. అయినా ప్రతి ఏడూ ఫిర్యాదులు తప్పేవి కావు. ఈసారి మాత్రం మొదటిసారిగా తనకోసం ఒకటి మిగుల్చుకుంది. శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు ఖాళీ. మునిసిపాలిటీ వాళ్ళ ఈతకొలనులో ఆ వేళకి ఆడవాళ్ళ బ్యాచ్ ఉంది. ఈత నేర్చుకోవాలని ఆవిడకి పెళ్ళికాకముందు నుంచీ కోరిక. నలభై ఆరేళ్ళ వయసులో ఆ మాట మొగుడితో చెప్పడానికే రెండు రోజులు సిగ్గుపడింది. ఆ సంగతి తలుచుకుంటే ఇన్‌స్పెక్టరుగారికి ముచ్చటేసింది.

ముచ్చటేసి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. ఆయన కంప్యూటర్ ఆన్ చేశారు. అది లేవడానికి ఎప్పటిలాగే పావుగంట పడుతుంది. పాపం, మూడు వారాలూ ఈ ముసలిదాంతోనే వేగింది కదా అనిపించింది. ఆవిడ తిరిగొచ్చేసరికి దీన్ని కొత్తపెళ్ళికూతుర్ని చేసి కూర్చోబెడితే ఎలా ఉంటుంది? చేతిలో ఆరు గంటల టైముంది. బావమరిది కిందటి వారం ఇచ్చి వెళ్ళిన పెన్‌డ్రైవూ ఉంది.

ఆ బావమరిది కంప్యూటర్ల మనిషి. "బావా, ఇందులో లినక్స్ అని, కంప్యూటర్ని నడిపే సిస్టమ్‌లు ఐదు రకాలున్నాయి. అన్నీ ఉచితమే. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. నువ్వు కొత్తవాడివి గనక మొదటిది తీసుకో, మిగతావాటి జోలికి పోకు" అని చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు గాని, అప్పటికే ఇన్‌స్పెక్టరుగారు తల ఊపేసి వేరే మాటల్లోకి దిగిపోయారు.

ఊరందరి తక్కెళ్ళనీ అనుమానించడం ఆయన ఉద్యోగం. ఐదు ఉండగా చూడకుండా మొదటిది తీసుకోవడం ఆయన ఒంటికి పడదు. ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి 'వేగం, తేలిక, దర్జా, నమ్మకం' అని రాసుకుని, పెన్‌డ్రైవు గుచ్చి ఒక్కొక్కదాన్నే నడిపి చూశారు. మొదటిది మన పాత కంప్యూటర్లాగే ఉంది. ఉన్నదానికే మళ్ళీ తాళి కట్టడమెందుకని పక్కన పెట్టారు. రెండోదానికి దర్జా ఎక్కువ, బొమ్మలు తక్కువ. మూడోది నల్లటి తెర మీద ఒక చిన్న గీతని మినుకు మినుకుమనిపిస్తూ ఆయన్నే ఏదో చెప్పమన్నట్టు చూసింది. ఆయన దానికి నమస్కారం పెట్టి వచ్చేశారు. నాలుగోది తెరుచుకోగానే 'మీ ఇష్టం వచ్చినట్టు నన్ను మార్చుకోండి' అంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులోగాని, ఇరవై రెండేళ్ళ కాపురంలోగాని ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. అక్కడే పడిపోయారు. ఐదోదాన్ని అసలు చూడనే లేదు.

ఇక మార్పులు మొదలయ్యాయి. కింద ఉన్న పట్టీని పైకి జరిపారు, పైనుంచి ఎడమకి, ఎడమనుంచి మళ్ళీ కిందికి తెచ్చారు. తెర వెనక గోడకి తక్కెడ బొమ్మ పెట్టారు. నాలుగు మూలలా నాలుగు గడియారాలు పెట్టారు. తెర మీది కిటికీని పట్టుకుని లాగితే జున్నుముక్కలా వణికే ఏర్పాటొకటి దొరికితే, దాన్ని ఇరవై నిమిషాలు వణికించి ఒంటరిగా నవ్వుకున్నారు. తెర మధ్యలో 'ఇన్‌స్టాల్' అని రాసున్న బొమ్మ ఒకటి అడ్డంగా కనిపించింది. ఎలాగూ అయిపోయిందిగా, ఇంకా ఇదెందుకని దాన్ని తీసి చెత్తబుట్టలో వేశారు.

ఒంటిగంటకి, అన్నం తినడం కూడా మర్చిపోయి, వాళ్ళావిడ ఫైలుకి ముద్దుగా ఒక ఎర్రరంగు బొమ్మ పెడదామని దానికోసం వెతికారు. ఫైలు లేదు. ఫోల్డరు లేదు. ఆవిడ ప్రశ్నపత్రాలు, ఇంటి ఫొటోలు ఏవీ లేవు. ఎక్కడ నొక్కినా ఖాళీ గదే తెరుచుకుంటోంది.

బావమరిదికి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంకో ఆరుసార్లు చేసినా స్విచాఫే. వాళ్ళావిడ మూడు వారాల కష్టం, ఆ శుక్రవారం, ఆ ఈత, అన్నీ తన చేత్తోనే తుడిచేశానని ఆయనకి ఖాయమైపోయింది. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయితే మూడింటికి ఇంకా రెండు గంటలుంది. పోయిన టైంటేబుల్‌ని మళ్ళీ తయారు చేస్తే? వాళ్ళావిడ దాన్ని బయట ఎవరికీ చూపించలేదు గాని, ఎవరికేం కావాలో అందరినీ అడిగింది కదా. ఆయన ధైర్యం తెచ్చుకుని లెక్కల మాస్టారికి ఫోన్ కొట్టారు.

"మాస్టారూ, టైంటేబుల్ ఒకసారి సరిచూడమంది మా ఆవిడ. మీకు ఏయే పీరియడ్లు అనుకున్నారో కాస్త చెప్తారా?"

అటువైపు ఫోను చేతిలోంచి జారిపడిన చప్పుడైంది. పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్న అదృష్టం తనంతట తాను తలుపు తట్టినప్పుడు మనిషి ఆ మాత్రం తడబడతాడు.

"నాకా సార్? అన్నీ పొద్దుటి పీరియడ్లే అనుకున్నామండీ. భోజనాలయ్యాక ఒక్కటి కూడా లేదు. టీచరుగారికి బాగా గుర్తుండే ఉంటుంది."

ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో కబురు స్టాఫంతా పాకింది. ఇక ఇన్‌స్పెక్టరుగారు ఎవరికీ చెయ్యక్కర్లేకపోయింది. ఫోన్లు వాటంతటవే వచ్చాయి.

"అన్నయ్యగారూ, నేను సైన్స్ మేడమ్‌ని. నాకు మొదటి నాలుగూ ఇచ్చి, తరవాత తలనొప్పికి వదిలేస్తానంది వదిన."

"తలనొప్పికా అమ్మా?"

"రోజూ వస్తుందండీ, మధ్యాహ్నం పన్నెండున్నరకి."

తెలుగు మాస్టారికి తొమ్మిదో తరగతి వద్దు. ఇంగ్లిష్ మేడమ్‌కి మేడమెట్లు పడవు. డ్రాయింగ్ మాస్టారు తనకి మధ్యాహ్నమైనా ఫరవాలేదని, కాకపోతే పిల్లలు మాట్లాడకూడదని అన్నారు. పి.టి. మాస్టారు అందరికంటే ఉదారంగా, "ఆఖరి రెండు పీరియడ్లూ ఎవరూ తీసుకోకపోతే నాకిచ్చెయ్యండి సార్. పన్నెండు సెక్షన్లయినా నాకు ఒకటే విజిల్" అన్నారు.

ఇన్‌స్పెక్టరుగారు చేతులు జోడించినంత పని చేశారు. ఎవరు అడిగింది వాళ్ళకి తూచినట్టు ఇచ్చుకుంటూ పోయారు. పొద్దున్నంతా పాఠాలు, భోజనాలయ్యాక లైబ్రరీ, డ్రాయింగు, ఆపైన స్కూలు స్కూలంతా గ్రౌండులో ఆటలు. కొత్త సిస్టమ్‌లోనే గళ్ళు గీసి, రంగులు వేసి, మూడుకి రెండు నిమిషాలుందనగా హెడ్‌మిస్ట్రెస్‌గారికి మెయిల్ కొట్టి, కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

నాలుగున్నరకి వాళ్ళావిడ వచ్చింది. మొగుడి మొహం చూసి చెప్పులు విప్పకుండానే నిలబడిపోయింది.

"ఏమైందండీ?"

"నీ ఫైలు పోయింది. ఫైలే కాదు, అన్నీ పోయాయి. నీకు బాగుంటుందని కొత్త సిస్టమ్ వేశాను. నా బుద్ధి గడ్డితింది. నన్ను నువ్వేమన్నా పడతాను."

ఆవిడ నెమ్మదిగా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. నాలుగు గడియారాలనీ, తక్కెడనీ చూసింది. కిటికీ వణుకుతుంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. తరవాత "ఇదేమిటి, ఇక్కడ వేలాడుతోంది?" అని పెన్‌డ్రైవు పట్టుకుని ఊడబీకింది. తెర బిగుసుకుపోయింది. ఏం నొక్కినా కదలకపోయేసరికి ఆవిడ స్విచ్చి కట్టి మళ్ళీ వేసింది.

తెర నల్లబడింది. లోపల ఫ్యాను ఆయాసపడింది. పావుగంట సేపు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ చీకటి తెరనే చూస్తూ కూర్చున్నారు. చివరికి పాత కంప్యూటర్ పాత మొహంతో నింపాదిగా లేచింది. ప్రశ్నపత్రాలున్నాయి. ఫొటోలున్నాయి. ఎదురుగా, ఆవిడ పొద్దున్న పెట్టిన చోటే, టైంటేబుల్ ఉంది.

అప్పుడే బావమరిది ఫోన్ చేశాడు. అంతా విని పగలబడి నవ్వాడు.

"బావా, నువ్వసలు దాన్ని వెయ్యనే లేదు. పెన్‌డ్రైవు మీంచి నడిపి చూశావంతే. బట్టల షాపులో చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకున్నట్టు. నీ పాత చొక్కా కొక్కేనికి అలాగే ఉంది. వెయ్యాలంటే ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటుంది, అది నొక్కాలి."

"దాన్ని చెత్తబుట్టలో వేశాను."

"దేవుడు నీ పక్షాన ఉన్నాడు బావా" అని అతను ఫోన్ పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టరుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మొహంలోనూ రక్తం తిరిగింది. "ఆలస్యమైతే అయింది, ఇప్పుడే పంపించేస్తాను" అని మెయిల్ తెరవబోయి, చటుక్కున ఆగింది.

"అవునూ, మూడింటికి మీరేమీ పంపలేదు కదా?"

ఆయన ఒకసారి గోడనీ, ఒకసారి నేలనీ చూశారు. ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ ఫోన్ మోగింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు. ఆవిడ గొంతు పెద్దది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నా గదంతా వినిపిస్తుంది.

"టీచరుగారూ, పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి! అంటించి గంటయింది, ఒక్కరంటే ఒక్కరు గొడవకి రాలేదు. లెక్కల మాస్టారైతే ఫోన్ చేసి మరీ బాగుందన్నారు. నేను సంతకం కూడా పెట్టేశాను. కాకపోతే ఒక్క సందేహం. ఎంత వెతికినా అందులో మీ పేరు గాని, సోషల్ గాని కనపడలేదేమిటి?"

ఇన్‌స్పెక్టరుగారు గతుక్కుమన్నారు. పదిహేనుమందీ ఫోన్లో ఎవరి పీరియడ్లు వాళ్ళు రాయించుకున్నారు. వాళ్ళావిడ తరఫున చెయ్యడానికి ఎవరున్నారు? పొద్దుటి నుంచీ ఆవిడ కోసమే ఇంత రామాయణం నడిపిన మనిషి, ఆవిడ పేరే రాయడం మర్చిపోయారు. ఆ క్షణంలో ఆయనకి కలిగిన సిగ్గు తూచడానికి ఆఫీసులో రాళ్ళు చాలవు.

హెడ్‌మిస్ట్రెస్‌గారే అందుకున్నారు. "తరవాత అర్థమైందిలెండి. ఎవరు రాకపోతే వాళ్ళ క్లాసుకి వెళ్ళి మీరు సోషల్ చెప్పేస్తారన్నమాట. ఎంత త్యాగం! స్టాఫందరికీ చెప్పేశాను కూడా. ఈ ఉపాయం నాకు తట్టనే లేదు సుమండీ."

వాళ్ళావిడ మొగుడి వంక ఒక్క చూపు చూసింది. తరవాత గొంతు సవరించుకుని, "అవునండీ మేడమ్, అదే నా ఉద్దేశం. శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు మాత్రం నన్ను పిలవకండి. ఈతకి వెళ్ళాలి" అంది. ఈసారి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడలేదు.

"దానికేముందండీ, వెళ్ళండి. అప్పుడెలాగూ స్కూలంతా గ్రౌండులోనే కదా!"

ఫోన్ పెట్టేశాక ఇన్‌స్పెక్టరుగారు కాస్త తేరుకుని, "చూశావా, చివరికి నీ శుక్రవారం నీకు దక్కింది" అన్నారు.

"మీరు మాట్లాడకండి" అంది ఆవిడ. కాని నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి ఆయన పొద్దుటి నుంచీ మొదటిసారిగా స్థిమితంగా ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు ఏడుగురు టీచర్లకి ఒకేసారి జ్వరం వచ్చింది.