విగ్గు వదలని సాక్ష్యం

చింపాంజీ పిల్లల్ని దేశాలు దాటించి అమ్మే అంతర్జాతీయ ముఠాని మా దర్యాప్తు విభాగం మొత్తంగా పట్టుకుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అమ్మేవాడు, కొనేవాడు, మధ్యవర్తి, కారు డ్రైవరు, ఒక్కడంటే ఒక్కడు తప్పించుకోలేదు. అందరూ ప్రభుత్వోద్యోగులే. పట్టుబడిన సమయానికి అందరూ డ్యూటీలోనే ఉన్నారు. ఇంత క్రమశిక్షణ గల ముఠా మరే దేశంలోనూ దొరికినట్టు సమాచారం లేదు.

మా విభాగం పత్రికా ప్రకటనలు రాసేది నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

విభాగం పెట్టిన దగ్గర్నుంచీ మాకు ఒక్క దొంగా దొరకలేదు. దొంగలే లేనప్పుడు ఈ విభాగం దేనికి, ఎత్తేద్దాం అని పైవాళ్ళు గొణగడం మొదలెట్టారు. దాంతో మా పెద్దసారు బాగా ఆలోచించి, దొంగలు రాకపోతే మనమే పిలుద్దామని తేల్చారు. "ముద్దులొలికే చింపాంజీ పిల్ల అమ్మబడును" అని ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టించారు. బట్టతల మీద ఒత్తైన నల్లటి విగ్గు తగిలించి, అమ్మకందారు వేషం తానే కట్టారు.

గాలానికి చేప వెంటనే తగిలింది. కానీ అది మహా జాగ్రత్త గల చేప. బొమ్మ ఫొటో పంపితే బొమ్మేనని పట్టేశాడు. జూలో తీసిన వీడియో పంపితే వెనకాల ఐస్‌క్రీమ్ బండి కనబడుతోందన్నాడు. ప్రాణమున్న పిల్లని చూపిస్తేనే వస్తానని భీష్మించుకు కూర్చున్నాడు. అంత నిక్కచ్చి నేరస్థుణ్ణి వదులుకోవడం ఇష్టం లేక, దర్యాప్తు అవసరాల నిమిత్తం ఒక పిల్లని తెప్పించాం. సముద్రం అవతల ఒక వేటగాడు చెప్పిన రోజుకి చెప్పినట్టు సరుకు దింపాడు. మహా మర్యాదస్తుడు. సహకరించినందుకు అతన్ని మా ఇన్‌ఫార్మరుగా నమోదు చేసుకున్నాం గనక ఇప్పుడు అరెస్టు చేయడం కుదరదు.

హోటల్ గదిలో పెద్దసారు బుట్ట మీది గుడ్డ తీశారు. నల్లకళ్ళద్దాల కొనుగోలుదారు లోపలికి తొంగిచూశాడు. మరుక్షణం గదిలో ఉన్న ప్రతివాడూ జేబులోంచి గుర్తింపు కార్డు లాగి, "ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. అందరూ చేతులు పైకెత్తేసి ఉండటంతో బేడీలు వేసే నాథుడే లేకపోయాడు. మధ్యవర్తి పోలీసు. డ్రైవరు ఆదాయపు పన్ను శాఖ. కొనుగోలుదారు కస్టమ్స్ అధికారి. అతను కళ్ళద్దాలు తీసి నోరెళ్ళబెట్టాడు.

"బావా! నువ్వా?"

"నువ్వేంట్రా ఇక్కడ? ఊళ్ళో లేవని మీ అక్క చెప్పిందే!" అన్నారు పెద్దసారు.

"అక్కకి అలాగే చెప్పాను బావా. రహస్య ఆపరేషన్ కదా."

ప్రతి ఆదివారం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరికొకరు కూర వడ్డించుకుంటూ కూడా గుట్టు బయటపెట్టని ఆ బావా బావమరుదుల వృత్తినిష్ఠకి చేతులెత్తి మొక్కాలి.

ఈ హడావుడిలో పిల్ల బుట్టలోంచి పాకి, పెద్దసారు భుజమెక్కి, రెండు చేతులతో విగ్గు పట్టేసుకుంది. విడదీయబోతే కీచుమని ఏడ్చింది. పశువుల డాక్టరమ్మకి కబురు పెట్టాం.

"అది విగ్గని దానికేం తెలుసు సార్? అమ్మ అనుకుంటోంది," అందామె. "తల్లి పిల్లని ఊరికే ఇస్తుందా? తల్లిని కాల్చి చంపి ఉంటారు."

పత్రికా ప్రకటనలో నేను ఆ ముక్క రాయలేదు, శుభవార్త పాడవుతుందని.

"పాలు ముట్టట్లేదు. వీటి అడవి పక్కనే అనాథ పిల్లల్ని సాకే కేంద్రం ఉంది. శుక్రవారం విమానానికి పంపేయండి. లేకపోతే బతకదు సార్, నా మాట వినండి!"

పంపడానికి మాకేం అభ్యంతరం? చిక్కల్లా నిబంధనలతోనే. సాక్ష్యమైతే కేసు తేలేదాకా కదలకూడదు. ముద్దాయిలంతా దర్యాప్తు అధికారులే కనక కేసు లేదు. కేసే లేకపోతే ఆ పిల్ల అసలు దేశంలోకి వచ్చినట్టే లేదు. రానిదాన్ని తిరిగి పంపడం ఎలా? నీ శాఖదంటే నీ శాఖదని బావా బావమరుదులు వాదించుకుంటుంటే డాక్టరమ్మ తల పట్టుకుంది.

ఈలోగా విలేకరులొచ్చారు. విగ్గు తీస్తే పిల్ల ఏడుస్తుంది కాబట్టి పెద్దసారు విగ్గుతోనూ, విగ్గు మీద పిల్లతోనూ ప్రసంగించారు.

"ఈ పసిప్రాణానికి ఇకపై మా విభాగమే తల్లి! మా విభాగమే తండ్రి! దీని కంట నీరొలికితే..."

సరిగ్గా అప్పుడే పిల్ల ఆయన ముక్కు పట్టుకుని పక్కకి తిప్పి, మైకులో హాయిగా ఆవులించింది. అబ్బబ్బ, ఆ వీడియో! లోకం ఊగిపోయింది. పిల్లతో ఫొటో దిగడానికి మెట్ల దాకా క్యూ కట్టారు. మొదటి ఫొటో పెద్దసారు భార్యది, రెండోది ఆవిడ తమ్ముడిది.

ఇంటర్నెట్‌లో మా పాత అమ్మకం ప్రకటన తీసేయడం ఎవరికీ గుర్తులేదు. దానికి ఆర్డర్లు వెల్లువెత్తాయి. వ్యాపారం నిజంగానే ఉందని రుజువైపోయింది! పైవాళ్ళు సంతోషించి, విభాగాన్ని రెట్టింపు చేశారు. కొనేవాళ్ళని పట్టుకోవాలంటే వాళ్ళకి వీడియోలు పంపాలి, వీడియోలకి పిల్ల కావాలి. అందుచేత శుక్రవారం విమానం పిల్ల లేకుండానే వెళ్ళింది.

ఆదివారం పొద్దున పిల్ల విగ్గు వదిలేసింది. ఇక లేదు. డాక్టరమ్మ మా అందర్నీ ముఖమ్మీదే తిట్టి వెళ్ళిపోయింది. పెద్దసారు విగ్గు ఉతికించి ఆరేయించారు. కొత్త ఆపరేషన్‌కి వేషం కావాలి కదా.

మీరేం దిగులు పెట్టుకోకండి. ఆ వీడియో కింద "అయ్యో బుజ్జిముండ, మాకూ ఒకటి కావాలి" అని రాశారు చూడండి, అది మాకు అందింది. మా వేటగాడు మీ కోసమే మళ్ళీ అడవికి బయల్దేరాడు.