గేటు లేని తోటలో బెంచీ

మనుషులు నడవడం మానేస్తే తప్ప నగరానికి అందం రాదు. ఈ మాట అన్నందుకు నా మీద కేకలు వెయ్యకండి. రుజువు కావాలంటే మా బాల్కనీకి రండి. కుర్చీ వేస్తాను, కాఫీ ఇస్తాను. నడిచి మాత్రం రాలేరు, అది వేరే సంగతి.

మా బాల్కనీ ఎదురుగా రెండు హైవేలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, నాలుగు పక్కలా నాలుగు లూపులు తిరిగి, మళ్ళీ ఎవరి దారిన అవి వెళ్ళిపోతాయి. దీన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. ఆ నాలుగు లూపుల కడుపులో నాలుగు తోటలు! విమానంలోంచి చూస్తే మొత్తం కలిపి సీతాకోకచిలుకలా కనబడుతుందట. మా కాలనీలో విమానం ఎక్కినవాళ్ళు ఇద్దరే. ఒకాయన దారంతా నిద్రపోయాడు, రెండో ఆయనకు కిటికీ సీటు దొరకలేదు. అయినా మేం నమ్ముతున్నాం.

తోటల్లో ఏముందని అడక్కండి, ఏం లేదో అడగండి. దుప్పటి పరిచినట్టు పచ్చగడ్డి. రంగు రంగుల పూలు. ఒంటికాలి మీద నిలబడ్డ ఇనుప కొంగలు. గులకరాళ్ళ బాట కూడా ఉంది. అది ఎక్కడినుంచీ రాదు, ఎక్కడికీ పోదు, గుండ్రంగా తిరిగి తన దగ్గరికే తను వస్తుంది. ఇక మాకు సరిగ్గా ఎదురుగా ఉన్న మూడో లూపులో, చెట్టు నీడలో, ఆకుపచ్చ రంగు బెంచీ ఒకటి. పక్కనే రెండు బోర్డులు. "గడ్డి మీద నడవరాదు" అని ఒకటి. "సందర్శన వేళలు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు" అని ఇంకొకటి.

గేటు మాత్రం లేదు. చుట్టూ నడుమెత్తు రెయిలింగు, దాని చుట్టూ ఎనిమిది వరసల్లో దూసుకుపోయే బళ్ళు.

నేను పేపర్లో కాలమ్ రాసేవాణ్ణి, చదువుకున్నవాణ్ణి కాబట్టి పచ్చదనం ఆఫీసుకు ఉత్తరం రాశాను. అయ్యా, లోపలికి ఎటునుంచి రావాలి? నలభై రోజులకు జవాబు వచ్చింది. "సందర్శన వేళలు మాత్రమే మా విభాగం పరిధిలోనివి. ప్రవేశ ద్వారం మరొక విభాగం పరిధిలోనిది. ఆ విభాగం ఇంకా ఏర్పడలేదు." ఎంత స్పష్టత! ఇంత సూటిగా మాట్లాడే ఆఫీసు మీకు ఎక్కడైనా తగిలిందా?

ఉత్తరంతో తృప్తి పడక ఆఫీసరుగారిని స్వయంగా కలిశాను కూడా. ఆయన టేబుల్ మీద ఆ బెంచీ ఫోటో ఫ్రేము కట్టి ఉంది, ఇంట్లో పిల్లల ఫోటో పెట్టుకున్నట్టు.

"మిగతా పార్కుల్లో బెంచీలు చూశారా సార్?" అన్నారు. "గీతలు, పేర్లు, విరిగిన పలకలు! ఇది వేసి ఏడాదైంది. ఒక్క గీత పడిందేమో చూపించండి."

నిజమే కదా! కూర్చునేవాళ్ళే లేకపోతే బెంచీకి ముసలితనం ఎక్కడిది? ఈ సూత్రం ఆస్పత్రులకూ బడులకూ కూడా వర్తింపజేస్తే దేశం ఎంత శుభ్రంగా ఉంటుందో ఆలోచించండి!

ఈ తోట ఎవరో పైనుంచి మా నెత్తిన రుద్దింది కాదని కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట ప్రజాభిప్రాయ సభ పెట్టారు. రెండు వైపుల కాలనీల నుంచీ కలిపి పదకొండు మందిమి వెళ్ళాం. టీ బిస్కట్లు ఇచ్చారు. గోడకు పెద్ద బొమ్మ తగిలించారు. ఆ బొమ్మలో తోట ఉంది, తోటలో మనుషులున్నారు. చంటిపిల్లల బండిలో పాపను తోసుకెళ్ళే తల్లి, గొలుసు పట్టుకున్న కుక్కతో ఒకమ్మాయి, బెంచీ మీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి. "నడక వంతెన కావాలా, తోట కావాలా? రెంటికీ చోటు లేదు, చేతులెత్తండి" అన్నారు. వంతెనకు ఐదు చేతులు లేచాయి. తోటకు ఐదు లేచాయి. కాస్త ఆగి, వెనక వరసలోంచి పదకొండో చెయ్యి మెల్లగా తోటవైపు లేచింది.

ప్రజాస్వామ్యం అంటే అదీ! ఆ చెయ్యి ఎవరిదన్న ఆరా అప్పుడు ఎవరూ తియ్యలేదు. ఇప్పుడు మీరూ తియ్యకండి.

ఆ బొమ్మలోని తల్లి, పాప, కుక్క, పెద్దమనిషి ఇప్పటిదాకా తోటకు వచ్చిన మొత్తం సందర్శకులు.

ఇక దీనివల్ల కలిగిన లాభాలకు వద్దాం. ముందు ఆరోగ్యం. మా పక్కింటి పంతులుగారు రోడ్డు అవతల ఉన్న బడిలో లెక్కలు చెబుతారు. బడి గంట ఆయన వంటింట్లోకి వినబడుతుంది. ఒకప్పుడు గంట విని చెప్పులేసుకునేవారు. ఇప్పుడు గంటకు గంటన్నర ముందు బయలుదేరి, రెండు బస్సులు మారి, తొమ్మిదిన్నర కిలోమీటర్లు తిరిగి బడికి చేరుతున్నారు. ఆ ప్రయాణంలో మూడు నెలల్లో కొత్త భాష ఒకటి నేర్చుకున్నారు. నడిచి వెళ్ళినన్నాళ్ళూ ఒక్క ముక్కయినా నేర్చుకున్నారా?

రెండోది, బంధుప్రేమ. దీని గురించి నాకు సొంత అనుభవం ఉంది.

మా ఆవిడ దర్జీ పని చేస్తుంది. ముందుగదిలో మోటారు మిషను, గోడకు కత్తెరలు, మెడలో ఎప్పుడూ టేపు. ఆవిడ అక్క, అంటే మా వదినగారు, ఇంటర్‌చేంజికి అవతలి పసుపు రంగు మేడలో ఉంటారు. వాళ్ళ డాబా మీద ఏ చీర ఆరేశారో మా బాల్కనీలోంచి చెప్పొచ్చు. పాత రోజుల్లో మధ్యలో ఒక సందు ఉండేది. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి నాలుగు నిమిషాలు. రోజుకు రెండుసార్లు రాకపోకలు, మూడుసార్లు అలకలు. సందు పోయాక ఇద్దరూ ఒకరికొకరు ఎంత అపురూపం అయ్యారో!

అంత అపురూపం అయ్యారు కనుకే నాలుగు నెలల పాటు మాటలు మానేశారు.

గొడవ వాళ్ళ అమ్మగారి చేతి మిషను గురించి. చెక్కపెట్టెలో ఇమిడే పాతకాలపు కుట్టు మిషను అది. కూతుళ్ళిద్దరికీ అదంటే ప్రాణం. ఆవిడ పోయేముందు ఒక పద్ధతి పెట్టి వెళ్ళారు. ఆరు నెలలు పెద్దదాని ఇంట్లో, ఆరు నెలలు చిన్నదాని ఇంట్లో. మార్చుకునే రోజున ఎవరూ ఎవరి గుమ్మానికీ వెళ్ళకూడదు. ఇచ్చేవాళ్ళు సగం దారి మోసుకు రావాలి, పుచ్చుకునేవాళ్ళు సగం దారి ఎదురు వెళ్ళాలి. అప్పుడు తెచ్చిచ్చానన్న గొప్పా ఉండదు, వెళ్ళి అడిగానన్న చిన్నతనమూ ఉండదు. ఆ సగం దారి సందులోని సైకిల్ షాపు. అక్కడి బల్ల మీద పెట్టె పెట్టుకుని ఇద్దరూ ఒక గంట కూర్చునేవాళ్ళు. ఆరు నెలల అలకలన్నీ ఆ గంటలో చెల్లు.

మిషను వదినగారింట్లో ఉండగా సందు మూసేశారు. రోడ్డు అయ్యాక చూద్దాంలే అనుకున్నారు. రోడ్డు అయింది. ఇక సగం దారి ఎక్కడని వెతకాలి? తొమ్మిదిన్నర కిలోమీటర్లలో సగం అంటే ఒక పెట్రోల్ బంకు వెనక గోడ. అక్కడ కూర్చుంటారా?

"వచ్చి తీసుకెళ్ళవే" అన్నారు వదినగారు ఫోన్లో.

"వంతు నాది. నేనొచ్చి అడుక్కోవాలా?" అంది మా ఆవిడ.

"అయితే నన్ను గుమ్మం దాకా మోసుకొచ్చి పడెయ్యమంటావా?"

ఫోన్ పెట్టేశారు. ఫోన్లో పోట్లాట చాలా సుఖంగా సాగుతుంది. రాజీ మాత్రం కుదరదు. రాజీ పడాలంటే పక్కపక్కన కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండాలి. ఫోన్లో అలా ఊరుకుంటే లైన్ కట్ అయిందనుకుంటారు.

నేను ఆటోలో తెస్తానన్నాను. "మా అమ్మేమన్నా పార్సిలా?" అంది. ఆ తర్వాత మా ఇంట్లో మోటారు మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. సాయంత్రం కాగానే బాల్కనీలో నిలబడి ఆ పసుపు మేడ వైపు చూసేది. అవతల డాబా మీద వదినగారు ఆరిన బట్టలు ఒక్కొక్కటీ తియ్యడానికి అరగంట పట్టేది. ఇద్దరూ చూసుకునేవాళ్ళు. ఇద్దరూ చెయ్యి ఊపేవాళ్ళు కాదు. నిజం చెబుతున్నాను, ఆ అరగంట నాకు కాలమ్ రాయబుద్ధయ్యేది కాదు.

ఇంతలో తోటల కాంట్రాక్టరు నుంచి మా ఆవిడకు పని వచ్చింది. తోటపనివాళ్ళకు అరవై కోట్లు కుట్టాలి. చేతుల్లేని నారింజ రంగు కోట్లు, వీపున మెరిసే పట్టీలు. కొలతలు చెప్పడానికి తోటమాలి వచ్చాడు. భుజాన ఎప్పుడూ నీళ్ళ గొట్టం చుట్టుకుని తిరుగుతాడు కనుక అందరూ పైపు బాబాయ్ అంటారు.

"మీరు లోపలికి ఎలా వెళ్తారు బాబాయ్?" అని అడిగింది మా ఆవిడ.

"మంగళవారం మంగళవారం పదింటికి లారీ దింపుతుందమ్మా. అటొకడు ఇటొకడు ఎర్రజెండా పైకెత్తి నిలబడతారు. బళ్ళన్నీ ఆగుతాయి. మేం దాటి, రెయిలింగు పక్కన స్టూలు వేసుకుని లోపలికి దిగుతాం."

"అన్నీ ఆగుతాయా?"

"ఆగక! ఈ కోటు చూస్తే కొండంత లారీ అయినా ఆగాల్సిందే. మొన్న కోటు మర్చిపోయి దాటబోయాను, స్కూటర్ వాడు కూడా తిట్టిపోయాడు."

మా ఆవిడ టేపు వేలికి చుట్టుకుంటూ బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు నిలబడింది. "ఏమండీ, సైకిల్ షాపు ఉన్న చోటే బెంచీ వేశారు" అంది.

ఆ వారం అరవై రెండు కోట్లు తయారయ్యాయి. రెండు ఎందుకు ఎక్కువని అడిగితే బట్ట మిగిలిందంది. ఒకటి మేకుకు తగిలించింది. రెండోది పైపు బాబాయ్ చేత పసుపు మేడకు పంపింది. దాని జేబులో చిన్న చీటీ పెట్టింది. "మంగళవారం పదింటికి. సగం దారి."

మంగళవారం నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ వైపు ఎర్రజెండా లేచింది. ఆ వైపు ఇంకొకటి లేచింది. ఎనిమిది వరసల బళ్ళు కిర్రుమని ఆగాయి! పాల వ్యాన్ ఆగింది. ఇల్లంత కారు ఆగింది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, కోటు తొడుక్కున్న మా ఆవిడకు దాటమ్మా దాటమ్మా అని చేత్తో దారి చూపించాడు. ముందురోజు వరకూ అదే రోడ్డంచున అదే మనిషి మామూలు చీరలో నిలబడితే బ్రేకు మీద కాలు పెట్టిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

అవతలి నుంచి వదినగారు చెక్కపెట్టె చంకన పెట్టుకుని వచ్చారు. ఒంటి మీద నారింజ రంగు కోటు, కొలత తియ్యకుండా కుట్టినా సరిగ్గా సరిపోయింది. పెట్టె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. పది నిమిషాలు ఎవరూ ఎవరివైపూ చూడలేదు. తర్వాత మా ఆవిడ మూత తీసి చీర కొంగుతో మిషను చక్రం తుడిచింది. వదినగారు ఏదో అన్నారు. మా ఆవిడ నవ్వింది. ఇంత దూరం నుంచి ఆ నవ్వు వినబడదు, కానీ భుజాలు కదలడం చూశాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అనుకుంటాను, ఇందాక ఆగిన బళ్ళు ఒక్కసారిగా కదిలాయి కదా!

మళ్ళీ జెండా లేచాక మా ఆవిడ పెట్టెతో ఇంటికి వచ్చింది. మిషను బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి, నా వైపు తిరిగింది.

"అక్క ఒక మాట చెప్పింది. ఆ రోజు సభలో తను ముందు వరసలో కూర్చుందట. పదకొండో చెయ్యి ఎవరిదా అని వెనక్కి తిరిగి చూసిందట."

నేను పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"మూడేళ్ళుగా తెలుసట. నాతో మాటల్లేనప్పుడు కూడా చెప్పలేదు. చెబితే మన ఇంట్లో గొడవవుతుందని."

పాఠకులారా, దాచి లాభం లేదు. ఆ చెయ్యి నాదే. బొమ్మలో బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు చూశారూ, ఆయన చదివేది నా కాలమేననిపించింది. అంత శ్రద్ధగా చదివే పాఠకుడు దొరికితే వంతెన ఎవరికి కావాలి? నేను నడిచేవాణ్ణి కాదు. నడిచే మనిషి నా ఇంట్లోనే ఉందని ఆ క్షణంలో తట్టలేదు.

మా ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. మెడలోంచి టేపు తీసి నా ఛాతీ కొలిచింది.

అరవై మూడో కోటు నాకు కాస్త వదులైంది. ఆ తర్వాత ఆర్డర్లు ఆగలేదు. పంతులుగారు ఒకటి కుట్టించుకున్నారు. ఇప్పుడు మంగళవారాలు బడి గంట విన్నాకే చెప్పులేసుకుంటున్నారు. మందుల షాపావిడ రెండు పట్టుకెళ్ళింది. కిందటి మంగళవారం తోటలో నలభై మంది తోటపనివాళ్ళున్నారు. అందులో కలుపు తీసింది పైపు బాబాయ్ ఒక్కడే. పచ్చదనం ఆఫీసరుగారు ఫోన్ చేసి మరీ ఆనందపడ్డారు. సిబ్బంది అంకితభావం అద్భుతమట, బెంచీ మీద గీత మాత్రం ఒకటి పడిందట.

మిగిలిన ఆరు రోజులు ఏం చెయ్యాలని ఆయన్ను అడిగాను. ఆ రోజులు వేరే విభాగం చూస్తుందన్నారు.

అందుచేత వంతెన వచ్చేదాకా మంగళవారం పదింటికి మీరు ఆ దారిన కారులో వెళ్తుంటే కాస్త మెల్లగా రండి. ఈవైపు రోడ్డంచున వదులు కోటు వేసుకుని ఒకాయన ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఉంటాడు. హారన్ కొట్టకండి, ఆయన కదలడు. ఆ రోజు సభలో లేచిన చెయ్యి అదే. అందరూ దాటేదాకా దించొద్దని మా ఆవిడ చెప్పింది.