కొత్తగెడ్డలో పెద్దరికం రెన్యువల్

కొత్తగెడ్డ మున్సిపాలిటీలో అన్నదమ్ముల్లో ఎవరు పెద్ద అన్నది ఏటా ఉగాదిలోపు రెన్యువల్ చేయించుకోవాలి. లేకపోతే పెద్దరికం ఇంట్లో తర్వాతివాడికి బదిలీ అయిపోతుంది. నీటి పన్ను కౌంటరు పక్కదే ఆ కౌంటరు. బదిలీ అయిన మర్నాటికల్లా నెరిసిన జుట్టు, మోకాళ్ళ నొప్పి కొత్త పెద్దకు చేరతాయి. చేరకపోతే ఫిర్యాదు చేసుకోవచ్చు.

టెంట్ హౌస్ నడిపే గవరయ్య ఈ ఏడు ఎవరి పెళ్ళికో కుర్చీలు దింపే హడావిడిలో గడువు మరిచిపోయాడు. యాభై దాటిన మనిషి తెల్లారేసరికి తమ్ముడైపోయాడు. నలభై ఏళ్ళ తమ్ముడు లోకనాథం అన్నయ్యాడు. గొడవేమీ జరగలేదు. పిల్లలు పెదనాన్నను బాబాయి అన్నారు. నిన్నటిదాకా తోటికోడలికి కాఫీ కలిపిన లోకనాథం భార్య ఆ రోజు నుంచి కూర్చునే తాగింది.

లోకనాథానికి ఈ ముచ్చట ఎప్పటినుంచో ఉంది. కండువా వేసుకుని వీధులన్నీ తిరిగాడు. అయితే తల్లి అసిరమ్మ కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి ఇంటి పెద్ద సరేనని చెప్పాలి, పక్కనే ఉండాలి, అటో ఇటో అయితే మాట పడాలి. ఆలస్యం చేస్తే కన్ను పోతుందన్నారు ఆసుపత్రివాళ్ళు. లోకనాథం కండువా తీసేశాడు.

ఆ సాయంత్రం గవరయ్య అరుగు మీద హాయిగా మోకాళ్ళు ముడుచుకుని పడుకుని జీళ్ళు తింటున్నాడు.

“ఒరే గవిరీ, నీ పెద్దరికం నువ్వట్టుకోరా. నా వల్ల కాదు,” అన్నాడు లోకనాథం.

“అదేటన్నయ్యా అలగంతావు? సిన్నోణ్ని, నాకేటి తెల్సు? సినిమాకి డబ్బులియ్యి, ఎల్లొస్తాను.”

“ఐదో క్లాసులో బడి మానీసి ఇల్లు లాగినోడివి కదరా!”

“అందుకే. ఇప్పుడు ఆరో క్లాసులో సేరదామనుకుంతన్నాను.”

ఇద్దరూ కౌంటరుకు వెళ్ళారు. గుమస్తా తల కూడా ఎత్తలేదు. “మీదొక్కటే కాదు బాబూ. అందరూ వదిలీడానికే వస్తన్నారు. పట్టుకెల్లీవోడు ఒక్కడూ లేడు,” అన్నాడు.

ఇంట్లో పెద్దలంతా కాదనుకున్న పెద్దరికం, కాదనడం ఇంకా చేతకాని మనిషికి చేరుతుందని నిబంధన ఉంది. లోకనాథం కూతురు పైడితల్లికి ఎనిమిదేళ్ళు. మర్నాడు జడ వేస్తుంటే ఒక పాయ తెల్లగా కనిపించింది. వాళ్ళమ్మ ఆ పాయ కనపడకుండా రిబ్బను కట్టింది.

“నాన్నమ్మ కన్ను సంగతి ఏటి సేద్దామే అక్కా?” అని అడిగాడు లోకనాథం.

పైడితల్లి కాసేపు ఆలోచించింది. ఆలోచించినంతసేపూ ఇంటిల్లిపాదీ ఆ పిల్ల మొహంలోకే చూశారు.

“సేయించీదాం. ఆటో పిలండి. మీరిద్దరూ ఆసుపత్రిలో గోల సెయ్యకండి,” అంది.

అన్నదమ్ములిద్దరూ బుద్ధిగా తలూపారు. చాలా రోజుల తర్వాత ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఆటో ఎక్కారు.

“ఈవిడ తాలూకు పెద్దెవరు?” అని కేకేసింది నర్సు.

నాన్నమ్మ చెయ్యి పట్టుకున్న పైడితల్లి రెండో చెయ్యి ఎత్తింది. నర్సు మామూలుగానే బెంచీ చూపించింది. అక్కడ వరసగా కూర్చున్న మిగతా ఇళ్ళ పెద్దలు కాస్త జరిగి చోటిచ్చారు. వాళ్ళలో ఎవరి కాళ్ళూ నేలకు అందడం లేదు.