పన్నెండోసారి నడిచిన ఇల్లు

ప్రపంచంలో ఇళ్ళన్నీ కదలకుండా కూర్చుని ఉంటాయి. నడిచే ఇల్లు ఉన్న ఊరు మా లుబిహాన్ ఒక్కటే! ఇందులో ఒక్క ముక్క నేను కల్పించానని తేలినా సరే, నా ఎర్రతోక పందెం పుంజును మీ గుమ్మంలోకే తెచ్చి అప్పగిస్తాను.

ఆ ఇల్లు సిద్ర అవ్వది. నీపా ఆకు కప్పు, వెదురు తడికలు, గుంజల మీద నిలబెట్టిన ఒంటిగది. దానికి నడక నేర్పిన మహానుభావుడు మా ఊరు ఎన్నుకున్న పెద్ద, కపితాన్ తెయోదులో.

సంగతేమిటంటే, మా ఊరికి సేవ చెయ్యడానికి విదేశాల నుంచి జంటలు వస్తుంటాయి. అంత దూరం వచ్చినవాళ్ళకి సేవ దొరక్కపోతే ఊరి పరువేం కావాలి? వాళ్ళు పూత మీద పూత వేసీ వేసీ బడిగోడలు లావెక్కి, గదిలో రెండు బల్లలు పట్టే చోటు తగ్గిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు తొమ్మిది జంటలు నేర్పాయి. పదో జంట దిగేసరికి పిల్లలు పాపం మర్యాద కోసం మళ్ళీ మరిచిపోవలసి వచ్చింది. ఇక మిగిలింది ఇల్లు మొయ్యడం!

ఇరవైమంది వెదురు బొంగుల మీద ఇల్లెత్తి, కొత్తచోట దించడం మా తాతలనాటి ఆచారం. దించగానే ఇంటామె బియ్యం కుండ, ఉప్పు ముంత లోపలికి పట్టుకెళ్ళి, ఆ బియ్యమే వండి మోసినవాళ్ళకి పెట్టాలి. పెట్టిందంటే ఇల్లు పాతుకున్నట్టే. ఏడాది దాకా కపితాన్ కాదు కదా, తుఫాను కూడా కదపకూడదు!

మరి అలా పాతుకుపోతే తరవాతి జంటకి సేవెక్కడిది? అందుకని కపితాన్ అవ్వ కుండలో ఇసుక, ముంతలో బూడిద పోయించేవాడు. భోజనాలు తన వంటింటి నుంచి పంపేవాడు. ఆచారం తప్పలేదు, జరగనూ లేదు! అలా పదకొండుసార్లు నడిచింది ఇల్లు. నడిచినప్పుడల్లా అవ్వకి నీళ్ళు ఇంకాస్త దూరమయ్యాయి. ఊరికి మంజూరైన కుళాయి ఒక్కటే. దానికి "సమస్త గ్రామ ప్రజల వినియోగార్థం" అని బోర్డు. ఆ బోర్డు చుట్టూ కపితాన్ కంచె, కంచెకి తాళం. అవ్వ మాత్రం అరిగిన మోకాళ్ళతో వాగుదాకా దిగి, బిందెతో ఎక్కి రావాలి.

పన్నెండో మోతకి బెల్జియం నుంచి యోస్ట్, ఆయన భార్య మీకె వచ్చారు. యోస్ట్ తాడిచెట్టంత పొడుగు. ఊళ్ళో ఏ గుమ్మం ఎంత ఎత్తో ఆయన నుదురు చూసి చెప్పెయ్యొచ్చు. మీకె మా భాషని చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. దణ్ణం పెట్టినా బేరమాడినట్టే ఉండేది.

మోతకి ముందురోజు పొద్దున్నే ఆవిడ సాయం చేస్తానని అవ్వ ఇంటికి వెళ్ళింది. కుండ మూత తీసి ఉంది.

"ఏమే అవ్వా, ఇదేంటే? ఇసుక!"

"పళ్ళు లేవుగా తల్లీ, ఏదైనా ఒకటే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు మోతల నుంచి."

మీకె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గబగబా కొట్టుకి వెళ్ళి బియ్యం, ఉప్పు తెచ్చి, ఇసుకా బూడిదా పారబోసి నింపేసింది. మూత ఎందుకు తీసిపెట్టావని అవ్వని తరవాత నేనడిగాను. "ఉక్కపోత కదరా, కుండకి మాత్రం గాలి ఆడొద్దూ?" అంది.

మర్నాడు ఇల్లు భుజాలకెక్కింది. కపితాన్ మైకు పట్టుకున్నాడు.

"అతిథులారా! మా ఊళ్ళో భూమికి నాది, నీది అనే భేదం లేదు! అవ్వ ఎక్కడ వేలు చూపితే అక్కడే ఆమె గృహం! ఇది మా సంప్రదాయం!"

అవ్వకి ముందే చెప్పి ఉంచాడు, వేలు చర్చి వెనక బీడు వైపు చూపాలని. వేలు లేచింది. బీడు దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి మెల్లిగా తిరిగింది.

"అక్కడ. కుళాయి పక్కన."

"అవ్వకి చూపు ఆనదు!" అన్నాడు కపితాన్.

"నీ గేటు తాళం మాత్రం బాగానే ఆనుతోంది నాయనా."

యోస్ట్ ముందు బొంగు పట్టాడు. మీకె ఎటు చెబితే అటే నడిచాడు. ముందు భుజం ఎటు వెళ్తే వెనక భుజాలూ అటే. వాటిలో నాదీ ఒకటి. ఆపాలనే చూశాను, భుజం వినలేదు!

"అయ్యో, కంచె! నా కంచె!"

"నాది అనే భేదం లేదన్నారు కదండీ?" అంది మీకె.

యోస్ట్ ఒంటిచేత్తో నాలుగు గుంజలు పీకి పక్కన పెట్టాడు. ఉన్న మూడు వారాల్లో ఆయన ఊరికి చేసిన అసలు సేవ అదే.

ఇల్లు దిగింది. కపితాన్‌కి ఇసుక గుర్తొచ్చింది కాబోలు, మొహం వెలిగింది. రేపొద్దున్నే ఎత్తించెయ్యొచ్చు కదా! "కానివ్వండి, ఆచారం కానివ్వండి!" అన్నాడు దర్జాగా.

అవ్వ కుండా ముంతా ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికొచ్చి కుళాయి తిప్పి, బిందె నింపుకెళ్ళింది. పొగ లేచింది. కాసేపటికి అన్నం ఉడుకుతున్న వాసన. కపితాన్ నిచ్చెన మెట్లు రెండేసి ఎక్కి లోపలికి తొంగిచూశాడు.

"ఇసుకేది? నేను పోయించిన ఇసుకేది?"

మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఊరంతా వింది.

"ఇవాళ్టికి అన్నమే ఉంది నాయనా," అంది అవ్వ. "కూర్చో, నీకూ పెడతాను. నీళ్ళకి లోటు లేదు."

ఆ ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది. బిందెలన్నీ అటే నడుస్తున్నాయి. ఆ తరవాత దిగిన జంటకి సేవ కావాలిగా మరి! బియ్యం కుండ లేని పాక ఊరంతటిలో ఒక్కటే కనబడింది: కపితాన్ మధ్యాహ్నం కునుకు తీసే పాక. రెండుసార్లు మోశాం. రెండోసారి ఆయన లోపలే ఉన్నాడు.

ఇందులో ఒక్క ముక్క మాత్రం కల్పించాను, ఒప్పుకుంటున్నాను. పందెం ప్రకారం పుంజు మీదే. కాకపోతే నేను కల్పించింది ఆ పుంజునే!