ఆవిరి సెల్లులకు ఎండ వైద్యం

మెట్టుగూడలోని శ్రీ సాయి వైభవ్ రెసిడెన్సీ నేటి నుంచి పొగరహిత భవనమని సమస్త నివాసులకు తెలియజేయడమైనది. ఈ ప్రకటన సంక్షేమ సంఘం కార్యదర్శి రఘునాథ్ గారి సొంత రచన. అది టైపు చేస్తున్నంతసేపూ ఆయన బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని, ముక్కులోంచీ నోట్లోంచీ పుదీనా వాసన గుప్పున వదులుతూనే ఉన్నారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అది పొగ కాదు, ఆవిరి.

ఈ ఆవిరి అనే మాట ఆయనకు ఆపద్ధర్మంగా తట్టింది. మూడు నెలల కిందట బాల్కనీలో ఆయన దొరికిపోయారు. పట్టుకున్నది కన్నతల్లి బుచ్చమ్మ గారు.

"ఏవిట్రా అబ్బాయ్, ఆ పొగ?"

"పొగ కాదమ్మా, ఆవిరి. సైనస్‌కి."

అంతే, కేసు కొట్టేశారు. తెలుగింట్లో ఆవిరికున్న పరపతి అలాంటిది. చిన్నప్పుడు జలుబు చేస్తే గిన్నెలో మరిగే నీళ్లు, చిటికెడు పసుపు, పైన దుప్పటి పెట్టి కదిలితే వీపు మీద ఒక్కటిచ్చిన తల్లి ఆవిడ. ఆ కొడుకే నలభై ఆరేళ్ల వయసులో ఎవరూ చెప్పకుండానే రోజుకు ముప్పైసార్లు ఆవిరి పట్టుకుంటుంటే ఆవిడకు కళ్లు చెమ్మగిల్లాయి. లిఫ్టులో కనపడిన ప్రతివారికీ చెప్పుకుంది. భార్య కామాక్షికి అసలు సంగతి తెలుసు. ఇంట్లో శాంతిభద్రతల దృష్ట్యా ఆమె మౌనం వహించింది.

ఆ ఆవిరి యంత్రం అసలు పేరు ఈ-సిగరెట్, దాని అమ్మకాన్ని మన దేశంలో నిషేధించారు. అందువల్ల అది దొరకడం చాలా సులువు. కష్టమల్లా దానిలో వేసే సెల్లులతోనే. లేని వస్తువుకు ఎలాంటి సెల్లు వాడాలో, ఎలా జాగ్రత్తపడాలో చెప్పాలంటే ముందు ఆ వస్తువు ఉందని ఒప్పుకోవాలి కదా! ఒప్పుకోవడం మన సంప్రదాయం కాదు. కాబట్టి రఘునాథ్ గారు రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణానికి వెళ్లి, టార్చిలైటుకు సెల్లులు కావాలని గొంతు తగ్గించి అడిగారు. టార్చిలైటుకు గొంతు తగ్గించేవాళ్లను ఆ దుకాణదారు రోజుకు పాతికమందిని చూస్తాడు.

"ఈ ఆకుపచ్చదాని పవర్ రెండున్నర వేలు సార్. ఈ ఎర్రది తొమ్మిది వేల తొమ్మిది వందలు. అయినా ఆకుపచ్చదాని సగం ధరకే ఇస్తా. జెర నంబర్ చూసుకోన్రి, మీరే చదువుకున్నోళ్లు."

రఘునాథ్ గారు చదువుకున్నవారే. పిల్లవాడిని ఏ కాలేజీలో చేర్చాలో హోర్డింగు మీది పెద్ద అంకె చూసి తేల్చుకున్నవారు. ఎర్రవి రెండు కొన్నారు. తాళాల గుత్తితో పాటు ప్యాంటు జేబులో వేసుకుని, బేరం చేసిన తృప్తితో ఇంటికొచ్చారు.

లిఫ్టు దగ్గర జెరెమియా గారు ఎదురయ్యారు. రెండో అంతస్తు ఆయనది. ముప్పై రెండేళ్లు రైలు పెట్టెల్లో దీపాలకు, ఫ్యాన్లకు కరెంటిచ్చే బ్యాటరీలు చూసి రిటైరయ్యారు. జేబులో చప్పుడు విని ఆయన ముఖం మారిపోయింది.

"రఘునాథ్ సార్, తాళాలతోటి సెల్లులు కలిపి వెయ్యొద్దు. ఆ ఇనుము తగిలితే తొడ కాలుతది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టున్రి."

సెల్లులు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఈ సైజులో పట్టేదే మూడు, మూడున్నర వేలు. తొమ్మిది వేలని రాసినోడు తొంభై వేలని సుత రాస్తడు. అంకె చూడొద్దు సార్, ఎంత కరెంటు గుంజితే తట్టుకుంటదో చూడాలె. జంటగా కొన్నవి జంటగానే వాడాలె. పై తొడుగు చిరిగితే పడెయ్యాలె. వేడి అసలే తగలొద్దు" అన్నారు.

ఇంత విషయాన్ని ఆయన ఉచితంగా చెప్పారు. అదే ఆయన చేసిన పొరపాటు. ఫీజు తీసుకుని, ఏసీ హాల్లో స్లైడ్లు వేసి చెప్పి ఉంటే రఘునాథ్ గారు తప్పకుండా రాసుకునేవారు. "టార్చిలైటుకేనండీ" అని నవ్వి లిఫ్టెక్కారు.

తొమ్మిది వేల తొమ్మిది వందల శక్తి రెండో వారానికే నీరసించింది. "పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి చచ్చిపోతున్నాయి" అని ఆయన కామాక్షి దగ్గర విసుక్కుంటుంటే వంటింట్లో బుచ్చమ్మ గారి చెవిన పడింది. తణుకులో రేడియో సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టి మరో వారం వార్తలు విన్న మనిషి ఆవిడ. కొడుకు ఆవిరికి అడ్డం వచ్చిన కష్టం తన చేతిలో తీరిపోయేదే.

మే ముప్పై ఒకటి, పొగాకు వ్యతిరేక దినం. సాయంత్రం పొగరహిత భవనం బోర్డు ఆవిష్కరణ. మధ్యాహ్నం బుచ్చమ్మ గారు గుమ్మడి వడియాలు తిప్పడానికి మేడ మీదికి వెళుతూ కొడుకు మిషనులోంచి సెల్లులు తీసి కొంగున కట్టుకెళ్లింది. ఎర్ర తొడుగు ఉంటే లోపలికి ఎండ తగలదని గోటితో శ్రద్ధగా ఒలిచేసింది. స్టీలు పళ్లెంలో ఒకటి పడుకోబెట్టి, రెండోదాన్ని తలకిందులుగా దానికి ఆనించి నిలబెట్టింది. ఎండ నలభై మూడు డిగ్రీలు. సెల్లు బుసకొడుతుంటే, ఎండ బాగా పడుతోందని వంగి పళ్లెం సర్దబోయింది.

సెల్లు పేలిన చప్పుడు రైల్వే స్టేషన్ దాకా వినపడిందని కొందరన్నారు. వడియాల బట్ట అంటుకుంది. జెరెమియా గారు రెండేసి మెట్లు ఎక్కివచ్చి, మూలనున్న ఇసుక బకెట్టు గుమ్మరించారు. బుచ్చమ్మ గారి కుడి అరచెయ్యి కాలి పొక్కిపోయింది. పొగరహిత భవనం మీంచి లేచిన పొగను మెట్టుగూడ అంతా తిలకించింది.

బోర్డు ఆవిష్కరణ వాయిదా వేసి, అదే షామియానా కింద, అదే సమోసాలతో అత్యవసర సమావేశం జరిపారు. సభాధ్యక్షులు రఘునాథ్ గారే. జెరెమియా గారు కాలిన సెల్లును బల్ల మీద పెట్టి, "ఇవి ఎవరివి?" అని ఒక్కమాట అడిగారు.

కట్టు కట్టిన చేత్తో బుచ్చమ్మ గారు లేచింది. "మా అబ్బాయివే బాబూ. ఆవిరి మిషనులోవి. నేనే ఎండలో పెట్టాను."

రఘునాథ్ గారు తల్లి చేతికున్న కట్టు చూశారు. నిజం ఎంతో లేదు: తప్పు నాది, అమ్మది కాదు. అంతే. దానితో కార్యదర్శి పదవి పోతుంది, బోర్డు పోతుంది, తల్లి ముందు పరువూ పోతుంది. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఆ నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మంచినీళ్లు తాగి దాన్ని లోపలికి దింపేశారు.

"సోదర సోదరీమణులారా! అగ్నికి ఇంధనం అవసరమని విజ్ఞానశాస్త్రం ఘోషిస్తోంది. ఆ ఇంధనం ఏది? బట్ట! బట్ట మీద ఏమిటి? వడియాలు! చట్టం ముందు కార్యదర్శి తల్లి అయినా ఒకటే. ఇకమీదట మేడ మీద వడియాలు, అప్పడాలు, ఊరగాయ ముక్కలు ఎండబెట్టడాన్ని శాశ్వతంగా నిషేధిస్తూ, ఈ పెద్దావిడ మేడ మీదికి రాకుండా తీర్మానం ప్రతిపాదిస్తున్నాను."

"వడియాలు పేలవు సార్!" అన్నారు జెరెమియా గారు. అది ఎజెండాలో లేని అంశమని మినిట్స్‌లో నమోదు చేశారు.

బుచ్చమ్మ గారు కన్నీళ్లు పెట్టుకుంది. చేతి మంట వల్ల కాదు. "చూశావటే కామాక్షీ, కన్నతల్లినని కూడా చూడలేదు నా కొడుకు. ఎంత ధర్మం!" అంది. కామాక్షి ముఖం తిప్పుకుంది.

తీర్మానాన్ని ఓటుకు పెట్టారు. హాజరైన పెద్దమనుషులు ఇరవై ఇద్దరు. జెరెమియా గారు తప్ప ఇరవై ఒక్కరూ కుడి చేతులు ఎత్తి బలపరిచారు. చప్పట్లు కొట్టండని రఘునాథ్ గారు కోరినప్పుడు మాత్రం చిన్న ఇబ్బంది ఎదురైంది. చప్పట్లకు రెండు చేతులు కావాలి. వారిలో ఒక్కరి ఎడమ చెయ్యీ ప్యాంటు జేబులోని ఆవిరి మిషనును వదిలి బయటికి రాలేదు.